జబ్బు తీగది

మా వదిన చేత రెండు నెలలపాటు బి కాంప్లెక్స్ మాత్రలు మింగించినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ సంగతి ముందే ఒప్పేసుకుంటే మిగతాది రాయడం నాకు తేలిక. ఇది రాస్తున్నంతసేపూ నాకు చాలామంది మీద కోపం వస్తూనే ఉంది. ఆ వరసలో మొదట నిలబడాల్సినదాన్ని నేనే.

నేను ఆటోనగర్ దగ్గర ఒక ప్రైవేటు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చెబుతాను. కరెంటు ఎక్కడ పుడుతుంది, ఎక్కడికి పోతుంది, దారి తప్పితే ఏం చేస్తుంది అన్నది ఏళ్ళ తరబడి నల్లబల్ల మీద గీసి చూపించినదాన్ని. వదిన అంటే మా ఆయనకి అక్క. యాభై దాటిన మనిషి. పామర్రులో ఒక హాస్టల్లో వంట చేసేది. అది మూతపడ్డాక విజయవాడ వచ్చి, మా ఇంటికి రెండు వీధుల అవతల చిన్న వాటాలో దిగింది. ఒకరి ఇంట్లో తేరగా కూర్చోవడం ఆవిడకి చేతకాదు. నెల తిరక్కుండానే పడవ హోటల్లో వంటపని చూసుకుంది.

బ్యారేజీకి ఎగువన ఒక స్నానాల రేవుకి ఆనించి కట్టేసిన ఇనప పడవ అది. ఒకప్పుడు జనాన్ని ఎక్కించుకుని నది మీద తిప్పేదట. ఇంజను పాడయ్యాక బాగుచేయించడం మానేసి, లావాటి తాళ్ళతో ఒడ్డుకి కట్టి, పై అంతస్తులో బల్లలు వేసి భోజన హోటల్ చేశారు. వంటగది కింద. తనంతట తాను కదలని పడవకి కరెంటు ఒడ్డు నుంచే రావాలి. రేవు పైన ఒక స్తంభానికి మీటరు పెట్టె ఉంది. దాని నుంచి ఒక కేబుల్ మెట్ల మీదుగా దిగి, జనం ఎక్కడానికి వేసిన ఇనప పలక పక్కగా పడవలోకి వెళుతుంది. పైన ఫ్యాన్లు, కింద ఫ్రీజరు, ఎంగిలి ప్లేట్లు కడగడానికి గీజరు, అన్నీ ఆ ఒక్క కేబుల్ మీదే.

చేరిన కొన్నాళ్ళకి వదిన ఒక మాట అనడం మొదలుపెట్టింది. పలక దిగి తడిమెట్టు మీద కాలు పెట్టి, పడవ కమ్మీ ఇంకా చేత్తో పట్టుకుని ఉన్నప్పుడు అరచేయి జివ్వుమంటోందట. మోచేతి దాకా చీమలు పాకినట్టు ఉంటోందట. మేనేజరుకి చెప్పింది. ముప్పై ఏళ్ళ కుర్రాడు, మర్యాదస్తుడే. "ఆంటీ, షుగర్ చూపించుకోండి, మా అమ్మకీ అచ్చం ఇలాగే ఉండేది" అన్నాడట. షుగర్ చూపించుకుంది. లేదు. మందుల షాపతను నరాల బలహీనత అన్నాడు. అప్పుడు నన్నడిగింది. నేను ఆ పూట పిల్లల పేపర్లు దిద్దుకుంటున్నాను. తల ఎత్తకుండానే, ఈ వయసులో మామూలే వదినా, బి కాంప్లెక్స్ వేసుకోండి, తగ్గిపోతుంది అన్నాను.

వేసుకుంది. తగ్గలేదు. ఒక ఆదివారం భోజనాల దగ్గర ఆవిడ మళ్ళీ ఎత్తింది. "అమ్మాయ్, ఒక చిత్రం కనిపెట్టాను. కరెంటు పోయినప్పుడు కమ్మీ పట్టుకుంటే ఏమీ ఉండట్లేదు. కరెంటు పోతే నా నరాలు బాగుపడుతున్నాయి" అంది.

నేను నవ్వాను. ఈ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. నల్లబల్ల ముందు నిలబడి పిల్లలకి పాఠం చెప్పే మనిషిని, నా పాఠం నాకే ఒక వంటమనిషి అప్పజెబుతుంటే నవ్వాను. మా ఆయన కూడా నవ్వాడు కానీ ఆయనకి ఆ అర్హత ఉంది, లేతు మిషను తప్ప ఇంకోటి తెలియదు. వదిన మాత్రం నవ్వలేదు. కంచం తీసుకుని లేచి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత పది రోజులకి అనుకుంటాను, పొద్దున పదకొండు దాటాక, పామర్రు అవతల ఊరి నుంచి ఒక కుటుంబం ఆ రేవుకి వచ్చింది. తల్లి అస్థికలు నదిలో కలపడానికి వచ్చిన కొడుకు, అతని భార్య, బావమరిది. కొడుక్కి నలభై ఉంటాయి. ఊళ్ళో ఒక స్కూలు వ్యాను నడుపుతాడు. రేవులో మిగతా మెట్ల దగ్గర జనం ఉండడంతో, కాస్త ఖాళీగా ఉందని పడవ పక్కకి వచ్చాడు. కుండ పట్టుకుని నడుం లోతుకి దిగి, పడవకి రెండు బారల దూరంలో ఆగాడు. అక్కడే బిగుసుకుపోయాడు.

ఇదంతా వదిన వంటగది కిటికీలోంచి చూసింది. ఆవిడ చెప్పిన తీరు నాకింకా చెవుల్లో ఉంది. మనిషి అరవలేదట, చేతులు కొట్టుకోలేదట. ఎవరో వెనక నుంచి గట్టిగా వాటేసుకున్నట్టు నిటారుగా అయిపోయి, అలాగే మెల్లగా నీళ్ళలోకి జారిపోయాడట. కుండ మాత్రం పైకి తేలి పక్కకి వెళ్ళిపోయింది. బావమరిది దిగబోయి మోకాళ్ళ లోతులోనే వెనక్కి పడ్డాడు. కాళ్ళు లాగేస్తున్నాయి అంటున్నాడు. ఒడ్డున ఉన్నవాళ్ళు సుడి ఉందనుకున్నారు.

వదిన బిర్యానీ కలిపే చెక్క తెడ్డు చేత్తో పట్టుకునే పరిగెత్తింది. నీళ్ళ వైపు వెళ్ళలేదు. పలక దిగి, మెట్లెక్కి, స్తంభం దగ్గరికి వెళ్ళింది. అక్కడ సాకెట్‌లోంచి బయటికి వస్తున్న తీగల్ని తెడ్డుతో కొట్టి ఊడగొట్టింది. పైన ఫ్యాన్లు ఆగాయి. బావమరిది మళ్ళీ దిగాడు. ఈసారి ఏమీ కాలేదు. మనిషిని పట్టుకుని లాక్కొచ్చాడు.

ఊపిరి లేదు. జనంలోంచి ఎవరో ముందుకొచ్చి ఛాతీ మీద నొక్కారు. చాలాసేపు నొక్కాక నీళ్ళు కక్కి దగ్గాడు. అంబులెన్స్ వచ్చింది. అందులోవాళ్ళు ఏం జరిగిందని అడిగితే మేనేజరు ముందుకొచ్చి, ఫిట్స్ వచ్చినట్టున్నాయండీ అన్నాడు. వదిన వెనక నుంచి కరెంటండీ, కరెంటు అంటూనే ఉంది. చేతిలో తెడ్డు, చెమటకి తడిసిన చీర, మసాలా చేతులు. ఆవిడ మాట ఎవరు రాసుకుంటారు? చొక్కా టక్ చేసుకున్నవాడి మాట రాసుకున్నారు.

ఆ మధ్యాహ్నం ఆవిడ నేరుగా మా కాలేజీకి వచ్చింది. గుమ్మం దగ్గర నిలబడింది. తెడ్డు అప్పటికీ చేతిలోనే ఉంది. జరిగిందంతా చెప్పింది. నేను చెప్పానుగా అనలేదు. అని ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

"ఇప్పుడైనా వచ్చి చూస్తావా అమ్మాయ్" అని మాత్రం అడిగింది.

మర్నాడు పొద్దున్నే కరెంటు కొలిచే చేతి మీటరు పట్టుకుని వెళ్ళాను. స్తంభం దగ్గర చూసింది చూసినట్టు రాస్తాను. అంత పడవకి కరెంటు వెళుతున్న కేబుల్‌కి ప్లగ్గు లేదు. సాకెట్ రంధ్రాల్లోకి రెండు తీగలు నేరుగా దూర్చి, జారిపోకుండా అగ్గిపుల్లలు గుచ్చారు. వదిన ఊడగొట్టినవాటిని మళ్ళీ అలాగే, కొత్త అగ్గిపుల్లలతో గుచ్చేశారు. ఒక మనిషి చావు దాకా వెళ్ళొచ్చి రోజైనా గడవలేదు. మూడో తీగ, ఎర్త్ కోసం ఉండాల్సిన ఆకుపచ్చ తీగ, వెనక్కి మడిచి టేపు చుట్టి ఉంది. కేబుల్‌కి దారిలో రెండు అతుకులు. ఒకటి మెట్టు మీద, జనం కాళ్ళ కింద, నీళ్ళు చిందే చోట.

మీటరు ఒక కొన పడవ కమ్మీకి, ఇంకో కొన తడిమెట్టుకి ఆనించాను. అరవై వోల్టుల పైన చూపించింది. లోపలికెళ్ళి గీజరు స్విచ్ ఆపి మళ్ళీ చూస్తే దాదాపు సున్నా. గీజరు లోపలి కాయిల్ చిల్లిపడి, కరెంటు దాని ఒంట్లోకి, దాన్ని బిగించిన ఇనప గోడలోకి, అక్కణ్ణుంచి మొత్తం పడవలోకి దిగుతోంది. ఆకుపచ్చ తీగ ఉండాల్సిన చోట ఉంటే ఆ కరెంటు దాని వెంట ఒడ్డుకి వెళ్ళిపోయేది, ఫ్యూజు కాలిపోయేది, ఎవరో ఒకరు తిట్టుకుంటూ బాగుచేసేవారు. దారి లేకపోయేసరికి అది నదిలోకి దిగింది. మంచినీళ్ళలో కరెంటు సులువుగా పారదు. మనిషి ఒంట్లో ఉప్పు ఉంటుంది. అందుకని నీళ్ళకంటే మనిషిలోంచి పోవడమే దానికి తేలిక. కండరాలన్నీ ఒక్కసారి పట్టేస్తాయి. అరవడానికి గొంతు రాదు, ఈదడానికి చెయ్యి లేవదు. ఒంటిమీద ఒక మచ్చ కూడా మిగలకపోవచ్చు.

ఇది మేనేజరుకీ, అతను పిలిపించిన వైర్‌మ్యాన్‌కీ నిలబెట్టి చెప్పాను. వైర్‌మ్యాన్ నాకంటే పెద్దవాడు. ఆడమనిషి మీటరు పట్టుకోవడం అతనికి నచ్చలేదు.

"మేడమ్, పడవ నీళ్ళలోనే ఉంది కదా. నీళ్ళకంటే పెద్ద ఎర్త్ ఏముంటుంది? వేరే ఎందుకు?" అన్నాడు.

"నీళ్ళే ఎర్త్ అయితే నిన్న ఆ మనిషి ఎందుకు మునిగాడు?" అని అడిగాను.

"అది ఫిట్స్ అంట కదండీ."

ఒక్క రోజులోనే ఆ మాట ఎంత గట్టిపడిందో చూడండి. పడవ మీద పనిచేసేవాళ్ళు, రేవులో కొబ్బరికాయలు అమ్మే ఆవిడ, అందరూ ఫిట్స్ అనే అంటున్నారు. కళ్ళారా చూసినవాళ్ళు కూడా. తీగకి ఉన్న జబ్బు మనిషికి అంటగట్టేస్తే ఇక ఎవరూ ఏమీ బాగుచేయనక్కర్లేదు. మా వదిన నరాల విషయంలో నేను చేసిందీ అదే.

నేను ఒకటికి రెండుసార్లు వెళ్ళి, కాగితం మీద బొమ్మ గీసిచ్చి, గొడవపెట్టుకున్నాక గీజరు పీకించారు. లీకేజీ ఉంటే తనంతట తానే కరెంటు ఆపేసే ట్రిప్ స్విచ్ ఒకటి ఒడ్డు మీద పెట్టెలో బిగించారు. నేనే దగ్గరుండి పరీక్ష బటన్ నొక్కి చూశాను. టక్కున పడింది. ఎర్త్ పని, ప్లగ్గు పని వారంలో చేయిస్తామన్నారు. నేను నమ్మి ఇంటికొచ్చి, ఏదో సాధించినదానిలా ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. ఆసుపత్రికి వెళ్ళి ఆ డ్రైవరు గురించి ఆరా తీయాలన్న ఆలోచన వచ్చింది. డాక్టర్లు ఉన్నారు, వాళ్ళకి తెలియకపోతుందా అనుకుని ఊరుకున్నాను.

కరెంటాఫీసుకి కూడా వెళ్ళాను. రేవు మీది తీగ మాది కాదు, పడవవాళ్ళది అన్నారు. పడవల ఆఫీసులో, పడవ కదలట్లేదు కాబట్టి అది హోటల్ అన్నారు. ఇంకో చోట, నీళ్ళ మీద ఉంది కాబట్టి హోటల్ కాదన్నారు. మూడు చోట్లా కూర్చోమని కుర్చీ వేశారు, మర్యాదకి లోటు లేదు.

వానలు మొదలయ్యాయి. గీజరు ఒక్కటి పీకినంత మాత్రాన పాత తీగలు కొత్తవి కావు. ఎక్కడో చెమ్మ చేరి ట్రిప్ స్విచ్ పడడం మొదలైంది. అది పడడమే దాని పని. ఎక్కడో కారుతోందిరా, చూసుకోండి అని అది చెబుతోంది. వీళ్ళకి మాత్రం భోజనాల వేళ ఫ్యాన్లు ఆగిపోవడం ఒక్కటే కనబడింది. నాలుగైదుసార్లు చూసి, స్విచ్చే పాడైందని తేల్చి, దాన్ని తప్పించి పక్కనుంచి తీగ లాగేశారు. పెట్టెలో స్విచ్ అలాగే కనిపిస్తూ ఉంటుంది. ఎవరైనా తనిఖీకి వస్తే చూపించుకోవచ్చు. దాని గుండా మాత్రం కరెంటు పోదు.

ఇదంతా వదినకి ఎవరూ చెప్పలేదు. ఆవిడకి కమ్మీ చెప్పింది. ఒక శనివారం పొద్దున చెయ్యి మళ్ళీ జివ్వుమంది. ఈసారి ఆవిడ షుగర్ చూపించుకోలేదు. నాకు ఫోన్ చేసింది. నేను మేనేజరుకి చేశాను. సోమవారం మనిషిని పంపిస్తాను మేడమ్, రేపు ఆదివారం కదా, పైన నలభైమంది ఫ్యామిలీ పార్టీ ఉంది అన్నాడు. నేను అరిచాను. అతను వింటూ, సరే మేడమ్, సరే మేడమ్ అన్నాడు.

ఆదివారం వదిన తెల్లవారకముందే లేచి చర్చిలో మొదటి ఆరాధనకి వెళ్ళొచ్చి, ఎప్పటిలాగే పనికి వెళ్ళింది. బిర్యానీకి అన్నీ సిద్ధం చేసింది. పన్నెండున్నరకి పార్టీవాళ్ళు వచ్చి పైన కూర్చున్నారు. వాళ్ళ పిల్లలు పలక మీద అటూ ఇటూ పరిగెడుతూ, కమ్మీ పట్టుకుని మెట్ల మీదకి దూకుతూ ఆడుకుంటున్నారు. వదిన స్టవ్ ఆపింది. చేతులు కడుక్కుని తుడుచుకుంది. పలక దిగి ఒడ్డుకి వెళ్ళి, మెయిన్ కిందికి లాగి, ఫ్యూజు పీకి, తన చేతిసంచీలో వేసుకుంది. తర్వాత పార్టీవాళ్ళ పెద్దాయన దగ్గరికెళ్ళి, అయ్యా, ఈ పడవలో కరెంటు కారుతోంది, పిల్లల్ని దించేయండి, నీళ్ళలో కాళ్ళు పెట్టనీయకండి అని చెప్పి వచ్చి, స్తంభం కింద మెట్టు మీద కూర్చుంది.

మేనేజరు మా ఆయనకి ఫోన్ చేశాడు. మీ అక్కగారికి ఏదో అయింది, మతి సరిగ్గా ఉన్నట్టు లేదు, వచ్చి తీసుకెళ్ళండి అన్నాడట. ఇప్పుడు నరాలు పోయి మతి వచ్చింది. మేమిద్దరం స్కూటర్ మీద వెళ్ళేసరికి పార్టీవాళ్ళు సగంమంది దిగి, చెట్టు నీడన నిలబడి ఫోన్లు చేసుకుంటున్నారు. వదిన సంచీ ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద పెట్టి కూర్చుంది. మా ఆయన మాట తక్కువ మనిషి. అక్క ముందు చిన్నప్పట్నుంచీ నోరెత్తడు. వెళ్ళి ఆవిడ పక్కన మెట్టు మీద కూర్చున్నాడు.

"ఇవ్వకు అక్కా" అన్నాడు.

అంతే అన్నాడు. మా పెళ్ళయ్యాక ఆయన అన్న మాటల్లో నాకు బాగా నచ్చిన మాట అది.

కాసేపటికి యజమాని కారులో వచ్చాడు. నేను ఆయన్ని అదే మొదటిసారి చూడడం. తెల్లచొక్కా, వేళ్ళకి ఉంగరాలు, గొంతు మాత్రం మెత్తన. ముందు నన్ను పక్కకి పిలిచి, చదువుకున్నవారు, మీరైనా చెప్పండి అన్నాడు. నేను పెట్టె తలుపు తీసి, స్విచ్‌ని తప్పించి లాగిన తీగ చూపించాను. ఆయన చూసి మేనేజరు వైపు చూశాడు. మేనేజరు వైర్‌మ్యాన్ పేరు చెప్పాడు. వైర్‌మ్యాన్ అక్కడ లేడు. సరే, చూద్దాం, ముందు ఈ పూట గడవనివ్వండి అంటూ యజమాని వదిన దగ్గరికి వచ్చాడు.

"ఏమ్మా, ఇన్నాళ్ళు మా ఉప్పు తిని, ఇలాగా చేసేది?"

వదిన కూర్చున్న చోటునుంచే తలెత్తి చూసింది. "ఉప్పు వేసి పెట్టింది నేనండీ. తిన్నది మీరు" అంది.

నాకు ఆ మనిషి ముఖం గుర్తుంది. కోపం రాలేదు, సిగ్గూ పడలేదు. తన వంటమనిషికి నోరు ఉంటుందని అప్పుడే తెలిసినవాడిలా చూశాడు.

అప్పుడు పార్టీవాళ్ళ పెద్దాయన ముందుకొచ్చి, మా మనవలు ఆ కమ్మీ పట్టుకుని ఆడుతున్నారండీ అన్నాడు. యజమాని వెంటనే చేతులు జోడించి క్షమించమన్నాడు. మేమందరం వారాలుగా చెబుతుంటే కదలనిది, డబ్బిచ్చి తినడానికొచ్చినవాడు ఒక్క మాట అంటే కదిలింది. పడవ ఆ పూట మూశారు. సాయంత్రానికి వేరే ఎలక్ట్రీషియన్ వచ్చి, నేను చెప్పేది విని రాసుకున్నాడు. అప్పుడు వదిన ఫ్యూజు తీసి అతని చేతిలో పెట్టింది, యజమాని చేతిలో కాదు.

పని ఎనిమిది రోజులు పట్టింది. ఎనిమిదే రోజులు. అతుకులు లేని కొత్త కేబుల్ వేసి, మెట్ల మీదనుంచి లేపి, గొట్టంలోంచి తీసుకెళ్ళారు. నీళ్ళు పడినా లోపలికి పోని బలమైన ప్లగ్గూ సాకెట్టూ పెట్టారు. ఒడ్డున గొయ్యి తీసి ఎర్త్ పాతి, ఆకుపచ్చ తీగని పడవ ఒంటికి బోల్టుతో బిగించారు. ట్రిప్ స్విచ్ కొత్తది. లోపలి వైరింగ్ మొత్తం మార్చారు. నేను మళ్ళీ మీటరు పెట్టి చూశాను. కమ్మీకీ మెట్టుకీ మధ్య ఏమీ లేదు. ఇంత తేలికైన పని చేయకనా ఒక మనిషి నీళ్ళ కింద ఊపిరి ఆగి ఉన్నాడు అనిపించి, అక్కడే ఆ మెట్టు మీద నాకు ఏడుపొచ్చింది. సంతోషంతో వచ్చిందనుకుని కొత్త ఎలక్ట్రీషియన్ మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

పడవ మళ్ళీ తెరిచే ముందురోజు మేనేజరు వదినకి ఫోన్ చేశాడు. వేరే మాస్టర్‌ని మాట్లాడుకున్నాం ఆంటీ, మీరు కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోండి అన్నాడు. ఆవిడ సరే బాబూ అని పెట్టేసింది. నేను వెళ్ళి అడుగుతానంటే వద్దంది. ఇప్పుడు మైలవరంలో ఒక కాలేజీ హాస్టల్లో వంట చేస్తోంది.

ఆవిడ ఇంకా పని లేకుండా ఇక్కడే ఉన్న రోజుల్లోనే డ్రైవరు భార్య దగ్గరనుంచి ఫోన్ వచ్చింది. రేవు దగ్గర ఆ రోజు వదిన ఆమెకి తడి మార్చుకోవడానికి తన మారు చీర ఇచ్చింది. ఆ పరిచయంతో అప్పుడప్పుడూ ఫోన్ చేసి, బాగానే ఉన్నాడమ్మా అని చెప్పేది. ఈసారి మాత్రం ఏడ్చింది. ఫిట్స్ మనిషి చేతికి పిల్లల వ్యాను ఎలా ఇస్తామని స్కూలువాళ్ళు ఎప్పుడో మానిపించారట. ఫిట్స్ మాత్రలు రెండు పూటలా వేసుకుంటున్నాడట. పగలంతా మత్తుగా పడుకుంటున్నాడట.

వదిన ఫోన్ పెట్టేసి నా వైపు చూసింది. "మనకి తెలిసీ చెప్పలేదు అమ్మాయ్" అంది. మనకి అంది కానీ, ఆవిడ ఆ రోజే అరిచి చెప్పింది. తెలిసీ ఊరుకున్నది నేను.

ఆ వారమే ఇద్దరం బస్సెక్కి వెళ్ళాం. పామర్రులో దిగి ఆటోలో వాళ్ళ ఊరు. కాలవ గట్టు పక్కన రెండు గదుల డాబా ఇల్లు. అతను మంచం మీద లేచి కూర్చున్నాడు. తల్లి పోయినప్పుడు తీయించిన జుట్టు మళ్ళీ పెరిగింది, ముఖం ఉబ్బి ఉంది. నేను మొదటినుంచి చివరిదాకా చెప్పాను. అగ్గిపుల్లలు, మడిచిన తీగ, గీజరు, మీటరులో చూసిన అంకె. అంతా అయ్యాక అతను అడిగాడు.

"ఇది వాళ్ళకి అప్పుడే తెలుసా అండీ?"

"మర్నాటికి తెలుసు. నేనే చెప్పాను" అన్నాను. ఇంకో మాట మిగిలింది. "నాకూ అప్పుడే తెలుసు. మీకు చెప్పాలని తోచలేదు."

భార్య గుమ్మానికి ఆనుకుని నిలబడింది. మా వైపు చూడకుండా, "ఆయన అమ్మ తిట్టిందనుకున్నాడండీ" అంది. అస్థికలు సరిగ్గా కలపనివ్వలేదు, కుండ చేజారింది, అందుకే అమ్మకి కోపం వచ్చి రోగం పెట్టిందని ఇన్నాళ్ళూ అనుకుంటున్నాడట. ఒక వాక్యం, ఎవడో తప్పించుకోవడానికి నోటికొచ్చి అన్న ఒక్క వాక్యం, ఈ మనిషి పనిని తీసేసింది, చచ్చిపోయిన తల్లిని కూడా అతనికి శత్రువుని చేసింది.

నేను చూసిందంతా, కొలిచిందంతా తారీకులతో సహా రాసి, సంతకం పెట్టి, ఫోటోలు జతచేసి ఇచ్చాను. పడవ పేరు రాయొద్దని యజమాని మనిషి ఒకడు వచ్చి బతిమాలాడు. రాశాను. విజయవాడలో ఒక నరాల డాక్టరు ఆ కాగితం ఓపికగా చదివారు. నాకు ఫోన్ చేసి, ఎంతసేపు నీళ్ళలో ఉన్నాడు, తీగ ఊడగానే వదిలేసిందా అని అడిగారు. మళ్ళీ పరీక్షలు చేయించి, ఇవి ఫిట్స్ అనడానికి ఆధారం లేదని రాసిచ్చారు. మాత్రలు ఒక్కసారి మానకూడదని, నెలల మీద కొంచెం కొంచెంగా తగ్గించి ఆపారు. అతను మనిషయ్యాడు. స్కూలువాళ్ళు మాత్రం తీసుకోలేదు. డాక్టరు చెప్పింది నిజమే కావచ్చు కానీ ఊళ్ళో మాట పోదు కదండీ, తల్లిదండ్రులు ఒప్పుకోరు అన్నారు. ఇప్పుడు ఒక రైసు మిల్లుకి బస్తాలు తోలే బండి నడుపుతున్నాడు.

పరిహారం కోసం ఒక వకీలు కాగితాలు పట్టుకెళ్ళాడు. అది ఎటు తేలుతుందో నాకు తెలియదు.

పోయిన నెల అతను లోడుతో విజయవాడ వచ్చి, మా ఇంటికి వచ్చి కాసేపు కూర్చున్నాడు. వదిన కూడా ఆ రోజు ఉంది. భోజనం చేస్తూ మాటల్లో చెప్పాడు. చిన్నప్పట్నుంచి ఇంటి పక్క కాలవలో ఈదినవాడు, వరదలో గేదెల్ని తోలుకొచ్చినవాడు, ఇప్పుడు ఆ కాలవలో కాలు కడగడు. అక్కడ పడవా లేదు, తీగా లేదని తెలుసట. అయినా నీళ్ళు మోకాలికి తగలగానే ఒళ్ళు బిగుసుకుపోతుందట. పెరట్లో నిలబడితే భార్య బక్కెట్టుతో నీళ్ళు పోస్తుంది. "సిగ్గుగా ఉంటదండీ" అన్నాడు, కంచంలోకి చూస్తూ. వదిన అతనికి ఇంకో గరిటె కూర వేసింది. సిగ్గుపడాల్సింది నువ్వు కాదు బాబూ అంది. అతను తలూపి తిన్నాడు.